కవితా పఠనాల పాత రికార్డులు: ముందు టేపులా, కాగితాలా?

ఏళ్ల తరబడి కవులను పిలిచి చదివించిన కాలేజీలో చివరికి మిగిలేవి రెండు: టేపులు, కాగితాల ఫైళ్లు. రెండింటినీ కాపాడుకోవడానికి చాలినంత డబ్బు ఎప్పుడూ ఉండదు. మరి ముందు దేని మీద చెయ్యి వెయ్యాలి?

అచ్చుకెక్కనిదంతా టేపులో ఉంటుంది. కవి ఏ పాదం దగ్గర ఆగారు, చదువుతూ ఏ మాట మార్చేశారు, కవితకీ కవితకీ మధ్య ఏం కబుర్లు చెప్పారు, సభ ఎక్కడ నవ్వింది... ఇవి ఇంకెక్కడా దొరకవు. మాంట్రియల్‌లోని సర్ జార్జ్ విలియమ్స్ యూనివర్సిటీలో 1966లో మొదలైన పఠనాల రీళ్లను తర్వాత డిజిటల్ చేశారు కాబట్టే ఆ కవుల గొంతులు ఇవాళ వినగలుగుతున్నాం.

అయితే టేపులో వచ్చినవాళ్లే ఉంటారు. పిలిస్తే రామన్నవాళ్లు, వస్తామని మానేసినవాళ్లు ఉత్తరాల్లోనే దొరుకుతారు. ఎవరికెంత పారితోషికం ముట్టిందో వోచర్లు చెబుతాయి. నా మట్టుకు నాకు కార్యక్రమం అసలు చరిత్ర ఈ ఫైళ్లలోనే ఉందనిపిస్తుంది.

తేదీ తేల్చేదీ కాగితమే. పోస్టర్ మీద 'గురువారం, మార్చి 12, రాత్రి 8 గంటలకు' అని ఉండి, ఏ సంవత్సరమో లేదనుకోండి. క్యాలెండర్ తిరగేస్తే 1964, 1970, 1981 మూడూ సరిపోతాయి. వోచర్ ఒక్కటి దొరికితే చిక్కు వీడుతుంది. టేపు డబ్బా మీద రాతను మాత్రం నమ్మకండి. 1,200 అడుగుల రీలు సెకనుకి 7.5 అంగుళాల వేగంతో 32 నిమిషాలకే అయిపోతుంది. కవిత సగంలో ఉండగా హడావిడిగా రీలు మార్చినప్పుడు డబ్బాలు తారుమారు కావడం మామూలే.

ఇంత చెప్పినా నా ఓటు టేపులకే. కారణం విలువ కాదు, గడువు. ఎసిటేట్ అనే ప్లాస్టిక్‌తో చేసిన పాత టేపు పాడవుతుంటే వెనిగర్ వాసన కొడుతుంది. 1970, 80ల నాటి కొన్ని పాలియెస్టర్ టేపుల్లో అయస్కాంతపు పొడిని పట్టి ఉంచే జిగురు తేమ పీల్చి బంకలా సాగుతుంది. వాటిని సుమారు 50 డిగ్రీల వేడిలో గంటల తరబడి ఆరబెట్టి, మళ్లీ తేమ పట్టేలోగా కాపీ చేసుకోవాలి. ఆడించే యంత్రాలూ, వాటి విడిభాగాలూ అరుదైపోతున్నాయి. వీడియో క్యాసెట్లదీ ఇదే గతి. కాగితమైతే చల్లని, పొడి గదిలో ఇంకో ఇరవై ఏళ్లు ఓపిక పడుతుంది.

కాపీకి 96 కిలోహెర్ట్జ్, 24 బిట్ నాణ్యతలో వేవ్ ఫైలు (శబ్దాన్ని కుదించకుండా దాచే రకం) మంచిది. స్టీరియోలో గంటకు దాదాపు 2 జీబీ అవుతుంది. ఎంపీ3 వినడానికి చాలు, దాచడానికి చాలదు. ఆన్‌లైన్లో పెట్టాలంటే కవి లేదా వారసుల అనుమతి వేరే సంగతి. అప్పుడు చిరునామాల కోసం మళ్లీ ఆ ఉత్తరాలే వెతుక్కోవాలి.

కాగితాల్లో ఒక్కదానికే మినహాయింపు: థర్మల్ కాగితం (వేడితో అక్షరాలు పడే కాగితం) మీద వచ్చిన పాత ఫ్యాక్సులు. వాటి అక్షరాలు వాటంతటవే వెలిసిపోతాయి. వాటిని టేపుల కంటే ముందే, ఈ వారమే స్కాన్ చేయించండి.