సాగర్ గేట్ల కింద సుడి కాదు, బంగాళాఖాతం సుడులు: కోపర్నికస్ మెరైన్ మ్యాప్ వాడి చూశా

మా నల్గొండ వాళ్లకి సాగర్ అంటే నాగార్జునసాగరే, సుడి అంటే గేట్లు ఎత్తినప్పుడు కింద తిరిగే నీళ్లే. సముద్రం చూడాలంటే బస్సెక్కి బందరో సూర్యలంకో పోవాలి. కానీ ఐకేపీ సెంటర్‌లో వడ్లు కుప్ప పోసి ఉన్నప్పుడు బంగాళాఖాతంలో వాయుగుండం అని వార్త వస్తే ఉండే టెన్షన్ మాకే తెలుసు. అట్లా ఓ రాత్రి నిద్ర పట్టక సముద్రం ఎట్లా ఉందో ఆన్‌లైన్‌లో చూపించే యూరప్ వాళ్ల ఈ కోపర్నికస్ మ్యాప్ తెరిచా. చూడటానికి పైసా ఖర్చు లేదు. డేటా దించుకోవాలంటే ఖాతా కావాలి, అదీ ఉచితమే.

సముద్ర మట్టం పెట్టి చూస్తే నీళ్లు చదునుగా ఉండవని తెలుస్తుంది. చాలాసార్లు జానెడు ఎత్తు కూడా లేని ఉబ్బు, వెడల్పేమో నల్గొండ నుంచి హైదరాబాద్ అంత, ఒక్కోసారి దానికి రెండింతలు. పడవలో దాని మీదుగా పోయినా తెలీదు. దాన్ని సెంటినెల్-6 లాంటి ఉపగ్రహం 1,336 కిలోమీటర్ల పైనుంచి రాడార్ తరంగం పంపి, అది తిరిగొచ్చే సమయాన్ని బట్టి పట్టేస్తుంది. రాడార్‌కి మబ్బులు అడ్డం కావు, వానాకాలంలో అదే అసలు లాభం. మన ఇస్రో కూడా ఫ్రాన్స్‌తో కలిసి 2013లో సరళ్ అని ఇలాంటిదే పంపింది.

చూసే కిటుకు ఒకటుంది. మన ఉత్తరార్ధగోళంలో ఉబ్బు చుట్టూ నీళ్లు గడియారం ముల్లు తిరిగే వైపు, పల్లం చుట్టూ దానికి ఎదురు తిరుగుతాయి, సముద్రంలో సుడులంటే ఇవే. ఉబ్బు కింద వెచ్చని నీళ్లు లోతు దాకా ఉంటాయి కాబట్టి తుపాను అటుగా వస్తే బలం పుంజుకునే వీలు ఎక్కువ. వాయుగుండం దారిని పక్కన పెట్టుకుని చూడటం నాకిప్పుడు అలవాటైపోయింది.

ఒక నక్షత్రం ఎందుకు తగ్గించానంటే, ఇలాంటి ఉపగ్రహం తన కింద ఉన్న సన్నని గీత మీదే కొలుస్తుంది, అదే గీత మీదికి మళ్లీ రావాలంటే సెంటినెల్-6కి దాదాపు 10 రోజులు. మధ్య ఖాళీలు లెక్కలతో నింపినవే. చిన్న సుడులు అందులో మాయం, ఒడ్డు దగ్గర అయితే నేను అంతగా నమ్మను. 2022 డిసెంబరులో పోయిన స్వాట్ అనే ఉపగ్రహం 120 కిలోమీటర్ల పట్టీని చూస్తుంది గానీ, అదే చోటికి రావడానికి 21 రోజులు తీసుకుంటుంది.

ఐదుకి నాలుగు. మా బావకి చూపిస్తే, "మన వడ్లు తడుస్తయా లేదా, అది ఉందా ఇందులో?" అన్నాడు. లేదు బావా, దానికి వాతావరణ శాఖ బులెటినే చూడాలి అన్నా. అప్పటికే ఆయన టార్పాలిన్లు వెతుక్కుంటున్నాడు.