వాగ్దానాల పెట్టె: కుటుంబ ప్రార్థనలో వాడి చూసిన తరువాత

డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో తీసుకున్న వాగ్దానపు కార్డును బీరువా తలుపుకు అంటించుకొని, ఏడాది పొడుగునా దానిని చూసుకుంటూ ధైర్యం తెచ్చుకోవడం తెలుగు సంఘాలలో చాలామందికి అలవాటు. ఆ ఒక్క రాత్రి అనుభవాన్ని రోజూ ఇంట్లోనే కలిగించడానికి క్రైస్తవ పుస్తకాల దుకాణాలలో దొరికేది వాగ్దానాల పెట్టె, అంటే బైబిలు వచనాలు అచ్చువేసిన కార్డులలోనుంచి చూడకుండా రోజుకొకటి తీసుకునే చిన్న పెట్టె. నేను కొన్నదాని వెల 180 రూపాయలు. ప్రచురణకర్త పేరు చెప్పడం లేదు, ఎందుకంటే ఇక్కడ ప్రస్తావించే మంచిచెడ్డలు ఈ కోవకు చెందిన పెట్టెలలో చాలావాటికి వర్తిస్తాయి. దేవుడు ఈ రోజు మీతో మాట్లాడతాడని మూతమీద అచ్చువేశారు గనుక, ఆ మాటకు ఈ వస్తువు ఎంతవరకు న్యాయం చేస్తుందన్నదే ఈ సమీక్షలో చూడవలసిన విషయం.

తయారీ గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. ప్లాస్టిక్ పెట్టె గట్టిది, అక్షరాలు పెద్దవి, కళ్లజోడు లేకుండానే ఇంట్లో పెద్దవాళ్లు చదువుకోగలుగుతున్నారు. కార్డులు మాత్రం పలుచన. తడిచేతితో ముట్టుకుంటే రంగు అంటుతోంది. అంతకంటే పెద్ద లోపం ఏమిటంటే, కొన్ని కార్డులమీద అధ్యాయం, వచనం సంఖ్యలు లేవు, మరికొన్నింటిమీద వచనంలో సగమే ఉంది.

ఇలా వాక్యం తీసుకునే పద్ధతిని మూఢనమ్మకమని కొట్టిపారేయడం సరికాదు. జర్మనీలోని హెర్న్‌హూట్ అనే ఊరిలో మొరేవియన్ క్రైస్తవ సంఘ నాయకుడు, జమీందారు అయిన జిన్‌జెండార్ఫ్ 1728లో తన సంఘస్థులకు రోజుకొక వాక్యం ఇవ్వడం మొదలుపెట్టాడు. 1731 నుంచి అవి ఏటా పుస్తకంగా వెలువడుతున్నాయి, పాతనిబంధన వాక్యాన్ని నేటికీ అక్కడ చీటీ తీసి ఎంపిక చేస్తారు. చీట్ల తీర్పు యెహోవా వశమని సామెతల గ్రంథం 16:33 చెబుతుంది, ఇస్కరియోతు యూదా స్థానంలో అపొస్తలులు మత్తీయను ఎన్నుకున్నదీ చీట్లతోనే. అయితే పరిశుద్ధాత్మ దిగివచ్చిన పెంతెకొస్తు దినం తరువాత వారు చీట్లు వేసినట్లు అపొస్తలుల కార్యములలో మరెక్కడా కనబడదు. హెర్న్‌హూట్‌లో చీటీతో వచ్చిన వాక్యం ఆ రోజుకు సంఘమంతటికీ ఒక్కటే. మన ఇళ్లలో అలా కాదు. పిల్లవాడు నచ్చిన కార్డు వచ్చేదాకా తీస్తూనే ఉంటాడు, పెద్దలు కూడా పెళ్లి సంబంధం గురించో వీసా గురించో మనసులో అనుకొని కార్డు తీసి, అందులో అవుననో కాదనో వెతుకుతారు.

నా అసలు అభ్యంతరం ఒక్క కార్డుతోనే తేటపడుతుంది. యిర్మీయా 29:11 ఈ పెట్టెలో ఉంది. దేవుని ఉద్దేశాలు సమాధానకరమైనవేగాని హానికరమైనవి కావన్న ఆ మాట తెలుగు క్రైస్తవ గృహాలలో గోడలమీద కూడా తరచుగా కనిపిస్తుంది. అది క్రీ.పూ. 597లో యూదా రాజు యెకొన్యాతోపాటు బబులోనుకు చెరపట్టబడిన వారికి యిర్మీయా పంపిన లేఖలోనిది. దానికి ముందు వచనంలోనే 70 సంవత్సరాల గడువు ఉంది. అంటే దానిని మొదట విన్న పెద్దవాళ్లలో చాలామంది తిరిగివచ్చే రోజును చూడకుండానే కన్నుమూస్తారు. అంతవరకు ఇళ్లు కట్టుకొని, తోటలు నాటి, తమను చెరపట్టిన పట్టణపు క్షేమంకోసమే ప్రార్థించాలన్నది ఆ లేఖలోని ఆజ్ఞ. 28వ అధ్యాయంలో హనన్యా అనే అబద్ధ ప్రవక్త రెండేళ్లలోనే అంతా చక్కబడుతుందని యెహోవా పేరిట చెప్పి జనాన్ని సంతోషపెట్టాడు. అటువంటి ప్రవక్తల చేత మోసపోవద్దని 29:8 హెచ్చరిస్తుంది. ఆ హెచ్చరికను, ఆ 70 ఏళ్లను తీసివేసి మిగిలినదాన్ని మాత్రమే చేతికిస్తే, యిర్మీయా మాట హనన్యా మాటలా వినిపిస్తుంది.

పెట్టెలో లేనివాటిని గమనిస్తే ఇది మరింత స్పష్టమవుతుంది. సహోదరునికి నీమీద విరోధమేమైనా ఉంటే అర్పణను బలిపీఠం దగ్గరే విడిచి ముందు వెళ్లి సమాధానపడమన్న మత్తయి 5:23, 24 వచనాలకు ఇందులో చోటు లేదు, పొలం గట్టు తగాదాతో అన్నదమ్ములు మాటలు మానుకున్న ఇంట్లో ఆ ఉదయం దేవుడు చెప్పదలచినది బహుశా అదే అయినా సరే. బాలుడైన సమూయేలు పిలుపు విని మూడుసార్లూ ఏలీ దగ్గరికే పరుగెత్తాడు. పిలిచేది ఎవరో గ్రహించి, ఏమని బదులివ్వాలో నేర్పినవాడు ఆ ముసలి యాజకుడే. తరువాత సమూయేలు విన్న మొదటి వర్తమానం ఏలీ ఇంటిమీద తీర్పు, తెల్లవారాక దానిని చెప్పడానికి భయపడేంత కఠినమైన మాట. తనకు అనుకూలం కాని మాటను కూడా వినడం, అనుభవంగల విశ్వాసితో కలిసి దానిని పరీక్షించుకోవడం, ఈ రెండూ లేకుండా దేవుని స్వరాన్ని గుర్తుపట్టవచ్చని ఆ కథ చదివినవారు ఎవరూ అనలేరు.

అందుచేత మా ఇంట్లో ఇప్పుడు కార్డు తీసిన వెంటనే ప్రార్థనలోకి వెళ్లము; అది ఏ అధ్యాయంలోనిదో ఆ అధ్యాయం మొత్తం ఎవరో ఒకరు బైబిలు తెరిచి పైకి చదువుతారు. సంఖ్యలు లేని కార్డులను వెతికి, వెనుకవైపు పెన్నుతో రాసుకున్నాము. ప్రార్థన సమయం పది నిమిషాలు పెరిగింది, పిల్లల సణుగుడు కూడా పెరిగింది, కానీ ఆ మాట ఎవరితో, ఎందుకు అన్నారన్న ప్రశ్న వాళ్ల నోటినుంచే వస్తోంది.

బైబిలు రోజూ చదివే ఇంటికి ఈ పెట్టె పనికివస్తుంది. ఆసుపత్రిలో ఉన్నవారికి, కొత్తగా సంఘంలో చేరినవారికి ఇవ్వదలచినవారు దీనితోపాటు ఒక క్రొత్త నిబంధన కూడా కొని ఇవ్వడం మంచిది. నిర్ణయాలకోసం కార్డు తీసే అలవాటు ఉన్న ఇంటికైతే నేను దీనిని సిఫారసు చేయను. ప్రచురణకర్తలు తరువాతి ముద్రణలో ప్రతి కార్డుమీద పూర్తి వచనాన్ని, దాని సంఖ్యను, ముందువెనుకల రెండు వచనాలను ముద్రించి, కాగితం కాస్త మందంగా వాడితే వెల మరో 50 రూపాయలు పెంచినా కొనవచ్చు. ప్రస్తుతానికి 5కు 3 మార్కులు.