కొత్త ప్లేయర్స్ హ్యాండ్‌బుక్‌లోని జాతులు: ఇష్టానికి చోటు దొరికింది, కొలతలే కుదరలేదు

టేబుల్ చుట్టూ కూర్చుని పాచికలు వేస్తూ కల్పిత పాత్రలుగా ఆడే ఆట డంజన్స్ అండ్ డ్రాగన్స్. దాని నియమాల పుస్తకం, కొత్త ప్లేయర్స్ హ్యాండ్‌బుక్, 2024 సెప్టెంబర్‌లో వచ్చింది. 384 పేజీల ఈ పుస్తకంలో, పాత్ర మనిషా, ఎల్ఫా, డ్వార్ఫా అని తేల్చే జాతుల అధ్యాయాన్ని మాత్రమే ఇక్కడ పరిశీలిస్తున్నాం, ఎందుకంటే హన్మకొండలో కొత్తగా టేబుల్ వేసేవాళ్ల, అంటే ఆడే జట్టు కట్టేవాళ్ల, మొదటి వాదన దీని మీదే మొదలవుతుంది. ఎవరికి నచ్చిన పాత్రను వాళ్లు ఆడుకోవడానికి 2014 పుస్తకం కన్నా ఇది చాలా మేలు. ఒంటి కొలతల దగ్గర మాత్రం డీఎం, అంటే ఆట నడిపే వ్యక్తి, చెయ్యి వేయక తప్పదు.

2014లో సామర్థ్యాలు పెంచే అంకెలు జాతితోనే వచ్చేవి. ఎల్ఫ్‌కు డెక్స్టెరిటీ (చురుకుదనం) +2, సగం ఆర్క్ రక్తమున్న హాఫ్-ఆర్క్‌కు స్ట్రెంగ్త్ (బలం) +2. ఇప్పుడవి బ్యాక్‌గ్రౌండ్ (పాత్ర పాత జీవితం) నుంచి వస్తున్నాయి. బ్యాక్‌గ్రౌండ్లు మొత్తం 16, ఒక్కోదానికి మూడు సామర్థ్యాలు. ఒకదానికి +2, మరోదానికి +1 వేసుకోవచ్చు, లేదా మూడింటికీ +1. ఫార్మర్ అయితే స్ట్రెంగ్త్, కాన్‌స్టిట్యూషన్ (ఒంటి దారుఢ్యం), విజ్డమ్ (వివేకం) పెరుగుతాయి, టఫ్ అనే ఫీట్ (ప్రత్యేక నేర్పు) కూడా వస్తుంది. నాగలి పట్టినవాడికి ఒంట్లో సత్తువ ఉండటం న్యాయమే, నాకు నచ్చిన మార్పు ఇది. కానీ రైతుబిడ్డ విజర్డ్ (మంత్రగాడు) కావాలనుకుంటే, దానికి కావలసిన ఇంటెలిజెన్స్ (తెలివి) పెరగదు. అలాంటప్పుడు ఫీట్, స్కిల్స్ అలాగే ఉంచి, అంకెలు మాత్రం నచ్చిన చోట వేసుకోనివ్వండి. దీనివల్ల ఆటలో ఏ తూకమూ తప్పదు.

అసలు ఇబ్బంది బరువులో ఉంది. హాఫ్లింగ్ అనే పొట్టి జాతివాడి ఎత్తు 2 నుంచి 3 అడుగులు. అయినా స్మాల్, మీడియం సైజులకు మోత లెక్క ఒక్కటే: స్ట్రెంగ్త్ × 15 పౌండ్లు. అంటే స్ట్రెంగ్త్ 15 ఉన్న హాఫ్లింగ్ 225 పౌండ్లు, అంటే నూరు కిలోల బస్తా మోస్తాడు. 7 అడుగులు దాటిన గోలియత్ జాతివాడికి పవర్‌ఫుల్ బిల్డ్ అనే గుణం వల్ల దానికి రెట్టింపు వస్తుంది కానీ, మామూలు మనిషికీ హాఫ్లింగ్‌కూ తేడానే లేదు. పైగా 2014లో హెవీ (బరువైన) ఆయుధం పట్టిన చిన్న ఒంటివాడికి డిస్అడ్వాంటేజ్ (రెండు పాచికలు వేసి తక్కువది తీసుకోవడం) ఉండేది, ఇప్పుడు కత్తిలాంటి దగ్గరి ఆయుధానికి స్ట్రెంగ్త్ 13, విల్లులాంటి దూరపు ఆయుధానికి డెక్స్టెరిటీ 13 ఉంటే చాలు. వాస్తవికత కావాలనుకునే టేబుల్ స్మాల్ పాత్రలకు టైనీ (అతి చిన్న) సైజు లెక్క, అంటే స్ట్రెంగ్త్ × 7.5 వాడి, పాత హెవీ నియమాన్ని తిరిగి తెచ్చుకోవచ్చు. నష్టమెంతో ముందే చెప్పండి: హెవీ అయిన గ్రేట్‌స్వోర్డ్ దెబ్బ 2డి6 (ఆరు ముఖాల పాచికలు రెండు), సగటు 7; రెండు చేతులతో పట్టిన లాంగ్‌స్వోర్డ్ దెబ్బ 1డి10 (పది ముఖాల పాచిక ఒకటి), సగటు 5.5. గ్రేట్ వెపన్ మాస్టర్ ఫీట్ ఇచ్చే అదనపు దెబ్బ హెవీ ఆయుధాలకే కాబట్టి అదీ పోతుంది. ఆట మధ్యలో ఈ నియమం పెడితే గొడవ తప్పదు.

డార్క్‌విజన్ మరీ ఎక్కువైంది. 10 జాతుల్లో 7 చీకట్లో చూడగలవు. మనిషి, హాఫ్లింగ్, గోలియత్‌లకే దీపం కావాలి. అయితే చాలా టేబుళ్లు సగం నియమం మరిచిపోతాయి. డార్క్‌విజన్‌తో చూసినా కటిక చీకటి మసక వెలుతురుతో సమానం, కాబట్టి చూపుతో చేసే పర్సెప్షన్ (గమనించే) పరీక్షకు డిస్అడ్వాంటేజ్, పాచిక వేయకుండా వాడే పాసివ్ స్కోరులో 5 తగ్గుతుంది. రంగులూ తెలియవు, అంతా బూడిద రంగే. ఏటూరునాగారం అడవిలాంటి చోట రాత్రి నేల మీద చల్లినది పసుపో కుంకుమో దీపం లేకుండా తేలదు. ఈ ఒక్క సంగతి పాటిస్తే దివిటీలకు మళ్లీ విలువ వస్తుంది.

డ్వార్ఫ్ మాత్రం చక్కగా కుదిరాడు. లెవెల్‌కు ఒక హిట్ పాయింట్ (ప్రాణబలం) అదనం, నడక 25 నుంచి 30 అడుగులకు పెరిగింది. స్టోన్‌కన్నింగ్ అనే గుణంతో 60 అడుగుల దాకా కదలికలు తెలుస్తాయి, కానీ రాయి మీద నిలబడాలి లేదా దాన్ని తాకాలి. ఓరుగల్లు కోట నమూనాలో కథ అల్లుకుంటే లోపలి రాతిగోడ మీద ఇది పనిచేస్తుంది, బయటి మట్టికోట మీద పనిచేయదు. రామప్ప కింది స్తంభాల దగ్గర సరే, తేలిక ఇటుకల విమాన గోపురం మీద కుదరదు. జాతి గుణం అంటే ఇలా చోటును బట్టి ఆటను మార్చాలి.

సంప్రదాయం సంగతికొస్తే, 1974 తొలి నియమాల్లో డ్వార్ఫ్ ఫైటర్ (యోధుడు) మాత్రమే కాగలడు, అదీ 6వ లెవెల్ దాకే. ఆ కట్టుబాటు పోవడం మంచిదే. కానీ హాఫ్-ఎల్ఫ్, హాఫ్-ఆర్క్‌లను ఈసారి తీసేయడం నాకు మింగుడుపడలేదు. భీముడికీ హిడింబికీ పుట్టిన ఘటోత్కచుడిని ఎరిగినవాళ్లకు రెండు జాతుల బిడ్డ పరాయివాడు కాడు. 2014 పుస్తకంలోని ఆ జాతులను వాడుకోవచ్చు, పాత సామర్థ్య అంకెలు మాత్రం వదిలేయాలి, లేదంటే రెండుసార్లు కలుస్తాయి. ఘటోత్కచుడి లాంటి పాత్రకు గోలియత్ ఇంకా బాగుంటుంది. 5వ లెవెల్ నుంచి ఒక లాంగ్ రెస్ట్ (సుదీర్ఘ విశ్రాంతి)కు ఒకసారి, 10 నిమిషాలు ఒళ్లు పెంచుకోవచ్చు. పేరు మార్చండి, నియమం ముట్టుకోవద్దు. ఇలా పేర్లు మార్చేటప్పుడు ఆర్క్‌లకు కోయల, గోండుల వేషభాషలు మాత్రం తగిలించకండి. వాళ్లు మన పక్కన బతికే మనుషులు. కల్పనకు రాక్షసులు, యక్షులు, నాగులు చాలు.

కొనే ముందు ఉచితంగా దొరికే ఎస్ఆర్‌డీ 5.2 (ఆట మూల నియమాల) పీడీఎఫ్ దించుకోండి. ఆసిమార్ తప్ప మిగతా 9 జాతులూ అందులో ఉన్నాయి, బ్యాక్‌గ్రౌండ్లు మాత్రం నాలుగే. మొదటి కథ ఆడటానికి అది సరిపోతుంది. మిగతా 12 బ్యాక్‌గ్రౌండ్లు కావాలనిపించినప్పుడు టేబుల్ మొత్తానికి ఒక్క పుస్తకం కొంటే చాలు.