పన్నెండేళ్లుగా నేను దిగుతున్న మూడు డిగ్రీల దారి

నేలమీది రేడియో సంకేతాలతో విమానాన్ని రన్‌వే దాకా నడిపించే ఐఎల్‌ఎస్ (ఇన్‌స్ట్రుమెంట్ ల్యాండింగ్ సిస్టమ్)లో నాకు ప్రాణమైనది గ్లైడ్‌స్లోప్, అంటే ఎంత ఏటవాలుగా దిగాలో చూపే కిరణం. రన్‌వే మధ్యగీతకు చేర్చే లోకలైజర్ గొప్పదే, కాదనను. కానీ పన్నెండేళ్లుగా ఎయిర్‌బస్ 320 కాక్‌పిట్‌లో, ఎక్కువగా శంషాబాద్‌కు వస్తూ, నేను రెప్ప వేయకుండా చూసింది తెరలో కుడివైపున పైకీ కిందికీ జరిగే, గ్లైడ్‌స్లోప్‌ను చూపే ఆ చిన్న డైమండ్ గుర్తునే. అది మధ్యలో ఉంటే దారిలో ఉన్నట్లు, అడుగున ఉంటే మనం దారికి పైన ఉన్నట్లు.

ఒక జనవరి తెల్లవారుజామున కిందంతా పాలు ఒలకబోసినట్లు పొగమంచు. ఐఎల్‌ఎస్‌లో మొదటి స్థాయి అయిన కేటగిరీ 1 కాబట్టి నేలకు 200 అడుగుల ఎత్తుకు వచ్చేసరికి దీపాలు కనిపించాలి, లేకపోతే మళ్లీ పైకి లేవాల్సిందే. 300 అడుగుల దగ్గర అద్దం బయట తెలుపు తప్ప ఏమీ లేదు. మరి కొన్ని క్షణాలకు దీపాల వరుస సరిగ్గా ముక్కుకు ఎదురుగా తేలింది. నేలమీది యాంటెన్నా పంపే 90, 150 హెర్ట్జ్ స్వరాల్లో ఏది బలంగా ఉందో పోల్చి చూడడం, రెండూ సమానమైన చోటే దారి అనుకోవడం. ఇంత సులువైన ఆలోచన అంతమందిని భద్రంగా దించింది! ఆ రోజు ఇంటికి వెళ్లాక కూడా నిద్ర పట్టలేదు, సంతోషంతో.

ఆ ఉత్సాహంలోనే దీన్ని కళ్లు మూసుకుని నమ్మవచ్చని అప్పట్లో రాశాను. ఒక రాత్రి జరిగినదానివల్ల ఆ మాటను ఇప్పుడు సవరించుకోవాలి.

అప్పటికి నేను కో-పైలట్‌ని. ఆ రాత్రి పడమటి నుంచి హైదరాబాద్ వస్తూ మేమే కోరి దగ్గరి దారి తీసుకున్నాం. వెనకగాలి తోసింది, ఎత్తు తగ్గలేదు. పైనుంచే గ్లైడ్‌స్లోప్‌ను అందుకుందామనుకున్నాం. డైమండ్ చాలాసేపు అడుగునే ఉండి, ఉన్నట్టుండి మధ్యకు వచ్చింది. అమ్మయ్య, దొరికిందనుకున్నాను. పక్కనుంచి కెప్టెన్ గొంతు: "దూరం ఎంత?" "ఆరు మైళ్లు, సర్." ఎత్తు 6,000 అడుగులు. శంషాబాద్ నేలే సముద్రమట్టానికి దాదాపు 2,000 అడుగుల ఎత్తు, మైలుకు 300 అడుగుల చొప్పున కలిపితే అక్కడ మేము 4,000 దగ్గర ఉండాలి. ఈలోగా కిందికి వంగాల్సిన ముక్కు పైకి లేవడం మొదలైంది, వేగం పడిపోసాగింది. కెప్టెన్ ఆటోపైలట్ తీసేసి, ఇంజిన్లకు పూర్తి శక్తినిచ్చి గో అరౌండ్ చేశారు, అంటే దిగడం ఆపి మళ్లీ పైకి లేపారు. రెండోసారి దూరంగా వెళ్లి, కిందినుంచి అందుకుని దిగాం.

యంత్రం చెడిపోలేదు. అసలు కిరణానికి పైన అబద్ధపు కిరణాలు ఉండడం ఈ పద్ధతి స్వభావం. కొన్ని రకాల యాంటెన్నాలకు రెండింతల కోణం దగ్గర, అంటే ఆరు డిగ్రీల ప్రాంతంలో, సంకేతం తలకిందులవుతుంది: కిందికి దిగమనాల్సింది పైకి వెళ్లమంటుంది. చదువుకున్న విషయమే. పరీక్షలో రాశాను కూడా. అయినా ఆ రాత్రి డైమండ్ మధ్యకు రాగానే నా మనసు లెక్క కట్టడం మానేసింది, అదే నన్ను ఇప్పటికీ బాధిస్తుంది. 2013లో నెదర్లాండ్స్‌లోని ఐండ్‌హోవన్ దగ్గర ఒక బోయింగ్ 737 ఇలాగే ముక్కు పైకెత్తి, రెక్కలు విమానాన్ని నిలబెట్టలేని స్టాల్ అంచుదాకా వెళ్లింది.

అప్పటినుంచి మైలుకు 300 అడుగుల లెక్క పైకి వినబడేలా చెబుతాను. నేలమీది వేగంలో సగానికి సున్నా చేర్చి, 140 నాట్లకు నిమిషానికి 700 అడుగుల దిగుడు కనిపిస్తోందా అని కూడా చూస్తాను. రెండూ కుదిరాకే డైమండ్‌ను నమ్ముతాను.

దారి చూపే ఉపగ్రహ (జీపీఎస్) సంకేతాలకు అంతరాయాలు పెరుగుతున్న ఈ రోజుల్లో నేలమీద నిలబడి పలికే ఐఎల్‌ఎస్ మీద నా ప్రేమ ఇంకా పెరిగింది. అయితే నేను ఎక్కువగా దిగేది చుట్టూ పెద్ద కొండలు లేని, నాలుగు కిలోమీటర్లకు పైగా పొడవున్న రన్‌వే మీద. కొండల నడుమ చిన్న రన్‌వేలకు రోజూ వెళ్లే పైలట్లు దీన్ని వేరే విధంగా తూచవచ్చు. శంషాబాద్‌కు మాత్రం, కిందినుంచి అందుకోగలిగిన ప్రతిసారీ, నేను ఐఎల్‌ఎస్‌నే అడుగుతాను.