ఇందిరానగర్‌లో బర్న్స్ విందు: నేటి స్కాట్లాండ్‌ను వడ్డించే వంటిల్లు

కవి రాబర్ట్ బర్న్స్ పుట్టినరోజైన జనవరి 25న స్కాట్లాండ్ అంతటా జరిగే విందును ఇందిరానగర్‌లోని ఒక చిన్న రెస్టారెంట్ ఏటా ముందుగా పేరు నమోదు చేసుకున్నవారికి ఏర్పాటు చేస్తోంది. వంట చేసేదీ, బల్లల మధ్య తిరుగుతూ మాట్లాడేదీ గ్లాస్గోలో పుట్టి పెరిగి, పెళ్లి చేసుకుని బెంగళూరులో స్థిరపడిన ఒక మహిళ. గళ్ల కిల్టులు, బ్యాగ్‌పైపులు, కోటల బొమ్మలు ఆశించి వెళ్లకండి. వాటిపట్ల ఆమెకు చిన్నచూపు లేదు గాని, ఈనాడు అక్కడి మనుషులు ఎలా బతుకుతున్నారో చెప్పడమే ఆమెకు ముఖ్యం, ఆ సాయంత్రం విలువంతా అందులోనే ఉంది.

గొర్రె గుండె, కాలేయం, ఊపిరితిత్తులను సన్నగా తరిగి, ఓట్స్, కొవ్వు, ఉల్లిపాయలు, మిరియాలతో కలిపి గొర్రె పొట్టసంచిలో కూరి ఉడికించేది హాగిస్. బోటి కూర, తలకాయ కూర తిని పెరిగినవారు దీనికి జంకవలసిన పని లేదు. మిరియాల ఘాటు చక్కగా తెలిసింది, ఓట్స్ ముద్ద కట్టకుండా పలుకుగా ఉన్నాయి. అయితే రాజ్మా, పప్పులు, ఓట్స్‌తో చేసిన శాకాహార హాగిస్ నాకు ఇంకా నచ్చింది. ఇది మన కోసం చేసిన సర్దుబాటు కాదు. ఎడిన్‌బరోకు చెందిన మాక్‌స్వీన్ సంస్థ 1984లోనే స్కాటిష్ పొయెట్రీ లైబ్రరీ ప్రారంభోత్సవం కోసం దాన్ని తయారు చేసింది. హాగిస్ పక్కన వడ్డించే ముద్దకు కావలసిన స్వీడ్ దుంప దొరకక మన సంతల్లోని నవిలుకోసుతో (నూల్‌కోల్‌తో) చేసినది మాత్రం నీళ్లోడింది, ఉప్పు కూడా చాలలేదు. చివర వచ్చిన ట్యాబ్లెట్ అనే మిఠాయి పంచదార, వెన్న, కండెన్స్‌డ్ మిల్క్‌తో చేసినది. పాలకోవా కంటే గట్టిగా ఉండి, నోట్లో ఇసుకలా విరిగి కరుగుతుంది.

భోజనం సాగుతుండగా ఆమె చెప్పిన విషయాలే నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నాయి. 2017 డిసెంబర్ నుంచి స్కాట్లాండ్‌లో కొత్తగా కుదిరే ప్రైవేటు అద్దె ఒప్పందాలకు గడువు తేదీ ఉండదనీ, చట్టంలో చెప్పిన కారణం చూపకుండా యజమాని ఇల్లు ఖాళీ చేయించలేడనీ, అడ్వాన్సు రెండు నెలల అద్దెకు మించకూడదనీ ఆమె చెప్పినప్పుడు, పది నెలల అడ్వాన్సు కట్టి ఇళ్లలో దిగిన మా బల్ల మీద చాలాసేపు అదే చర్చ నడిచింది. 2011 నుంచి అక్కడ డాక్టర్ రాసిచ్చిన మందులకు డబ్బు కట్టనక్కరలేదు. అక్కడి విద్యార్థులకు మొదటి డిగ్రీ ఫీజును ప్రభుత్వమే భరిస్తుంది, కానీ మన దేశం నుంచి వెళ్లే పిల్లలు పూర్తి విదేశీ ఫీజు కట్టవలసిందే. గ్లాస్గో, డండీలకు పిల్లల్ని పంపాలనుకునే తల్లిదండ్రులు ఆ బల్ల దగ్గరే ఉన్నారు కాబట్టి, ఈ రెండో మాటను ఆమె దాచకుండా చెప్పడం నాకు గౌరవంగా అనిపించింది.

బ్రిటన్ నుంచి స్కాట్లాండ్ విడిపోవాలా వద్దా అని 2014 సెప్టెంబర్ 18న జరిగిన స్వాతంత్ర్య రెఫరెండం గురించి అడిగినది వరంగల్ నుంచి వచ్చిన ఒకాయన. తెలంగాణ ఏర్పడిన ఏడాదే అది, కాబట్టి ఆ ప్రశ్న మావాళ్ల నుంచి రావడంలో ఆశ్చర్యం లేదు. ఓటర్లలో సుమారు 85 శాతం మంది పాల్గొన్నారనీ, పదహారేళ్లవారికి కూడా ఓటిచ్చారనీ, 55 శాతం మంది విడిపోవద్దన్నారనీ ఆమె చెప్పారు. తమ ఇంట్లో అన్నదమ్ములు చెరోవైపు ఓటేసినా, తర్వాత కూడా పండగలకు కలుస్తూనే ఉన్నారట. ఆమె ఏ పక్షమో ఎవరూ అడగలేదు, ఆమె చెప్పలేదు. గుంటూరు, వరంగల్‌వాళ్లం ఒకే బల్ల దగ్గర కూర్చుని ఆ మాటలు వినడం మాలో ప్రతి ఒక్కరికీ ఏదో ఒకటి గుర్తు చేసింది.

మనిషికి 2,800 రూపాయలు, విస్కీకి వేరు. నవిలుకోసు తప్ప మిగతా వంటకు ఆ ధర తగినదే. హాగిస్‌ను కోసే ముందు 1786 నాటి బర్న్స్ పద్యాన్ని ఆమె స్కాట్స్ భాషలో గొప్ప ఉత్సాహంతో చదివారు, కానీ మాకు ఒక్క పాదమూ అర్థం కాలేదు. వచ్చే జనవరికి దాని భావాన్ని ఒక కాగితం మీద అచ్చు వేసి ఇస్తే బాగుంటుందని చెప్పి వచ్చాను, ఆమె అంగీకరించారు. బల్లలు తక్కువ కాబట్టి డిసెంబర్‌లోనే ఫోన్ చేసి, శాకాహారమో మాంసాహారమో అప్పుడే చెప్పండి.