ఇంటి కందెనలు: ఏళ్ళ తరబడి వాడి చూశాక

ఇంట్లో కదిలే వస్తువు ఏదైనా బిగుసుకున్నా, కిర్రుమన్నా, చేతికి ఏ నూనె దొరికితే అది రెండు చుక్కలు వేసి ఊరుకోవడం చాలామందికి అలవాటు. ఆ పూటకు చప్పుడు ఆగుతుంది కాబట్టి పని సరిగానే జరిగిందనిపిస్తుంది. తలుపు బందులు, తాళాలు, కుట్టుమిషను, సైకిలు, కిటికీ రబ్బర్లు, కుళాయిల వాషర్లు, వీటన్నిటి మీదా నేను ఐదు రకాల కందెనలను ఏళ్ళ తరబడి వాడుతూ వచ్చాను: పల్చని స్ప్రే నూనె, మిషన్ నూనె, లిథియం గ్రీజు, సిలికాన్ గ్రీజు, గ్రాఫైట్ పొడి. ఇంతకాలం వాడాక నాకు స్థిరపడిన అభిప్రాయం ఒక్కటే. వీటిలో పనికిరానిది ఏదీ లేదు గానీ, ఒకటి చేసే పని మరొకటి చేయదు. పైగా ఏ కందెన వేశామన్న దానికన్నా, వేసే ముందు ఆ చోటును ఎంత శుభ్రంగా తుడిచామన్నదే ఎక్కువ ఫలితాన్నిస్తుంది.

ఇలా ఎందుకంటున్నానో తెలియాలంటే ఘర్షణ గురించి కొంత చెప్పుకోవాలి. రెండు గరుకు తలాలు ఒకదానికొకటి తట్టుకోవడమే ఘర్షణ అని బడిలో చదువుకున్నాం. అది కొంతవరకే నిజం. ఎంత నున్నగా పాలిష్ పట్టిన ఉక్కయినా సూక్ష్మదర్శినిలో చూస్తే అంతా ఎత్తుపల్లాలే. రెండు లోహపు ముక్కలు ఆనుకున్నప్పుడు నిజంగా తాకేవి ఆ ఎత్తుల కొనలు మాత్రమే. కంటికి కనిపించే వైశాల్యంలో అది అతి చిన్న భాగం. బరువంతా వాటి మీదే పడటంతో అక్కడ లోహం నలిగి ఒకదానికొకటి అతుక్కుంటుంది, కదిలించినప్పుడల్లా ఆ అతుకులు తెగుతూ సన్నని రజను రాలుతుంది. ఘర్షణ బలం తాకే వైశాల్యాన్ని బట్టి కాక నొక్కే బరువును బట్టి ఉంటుందని ఫ్రాన్సు దేశస్థుడు గియోమ్ అమోంటోన్ 1699లో ప్రకటించినప్పుడు తోటి శాస్త్రవేత్తలకే నమ్మకం కుదరలేదు. బరువు పెరిగే కొద్దీ నిజంగా తాకే చోటు పెరుగుతుందనీ, పైకి కనిపించే వైశాల్యంతో దానికి నిమిత్తం లేదనీ 20వ శతాబ్దపు మధ్యకాలంలో కేంబ్రిడ్జిలో బౌడెన్, టేబర్ అనే ఇద్దరు చేసిన పరిశోధనలతో గానీ ఆ చిక్కు విడలేదు. కందెన చేసే పనల్లా ఆ కొనల మధ్యకు చేరి లోహానికి లోహం అతుక్కోకుండా చూడటం. పొడిగా ఉన్న ఉక్కు మీద ఉక్కు జారేటప్పుడు ఘర్షణ గుణకం (నొక్కే బరువులో ఎన్నో వంతు బలం ఘర్షణగా ఎదురవుతుందో చెప్పే సంఖ్య) సుమారు 0.6 ఉంటే, నూనె పూసినప్పుడు అది 0.1 దగ్గరకు దిగుతుంది. అంటే ఘర్షణ తగ్గుతుందే తప్ప పూర్తిగా పోదు.

తలుపు బందుతో మొదలుపెడతాను, ఎందుకంటే కందెనల తేడా అంత తేటగా తెలిసే చోటు ఇంట్లో మరొకటి లేదు. కిర్రుమనే తలుపును మెల్లగా తీస్తే చప్పుడు పెద్దదవుతుంది, ఒక్క ఊపున తీస్తే చాలాసార్లు వినపడనే వినపడదు. నిలిచి ఉన్న వస్తువును కదిలించడానికి కావలసిన బలం, కదులుతున్న దాన్ని అలాగే కదిలించడానికి కావలసిన బలం కన్నా ఎక్కువ. అందువల్ల మెల్లగా తిరిగే బందులో చీల పట్టుకుంటుంది, బలం పెరిగాక ఒక్కసారిగా జారుతుంది, మళ్ళీ పట్టుకుంటుంది. సెకనుకు వందల సార్లు జరిగే ఈ పట్టువిడుపులే మనకు కిర్రుమనే చప్పుడుగా వినిపిస్తాయి. వయొలిన్ కమానుకు రోజనం రాసి తీగ మీద లాగినప్పుడు పుట్టే నాదానికీ మూలం ఇదే.

ఆ బందు మీద స్ప్రే కొడితే చప్పుడు అప్పటికప్పుడే ఆగిపోతుంది. కొన్ని వారాలు గడిచాక తిరిగి మొదలవుతుంది. స్ప్రేలో అధిక భాగం తేలికగా ఆవిరైపోయే ద్రావకమే. అది సందుల్లోకి చకచకా పాకి, ఆవిరై, వెనుక అతి పల్చని నూనె పొర మాత్రం మిగులుస్తుంది. ఈ రకం వాటిలో అందరికీ తెలిసిన డబ్ల్యూడీ-40ని 1953లో అమెరికాలోని శాన్ డియాగోలో తయారు చేసింది నీటిని తరిమి తుప్పును ఆపడానికే. పేరులోని 40 కూడా నలభయ్యో ప్రయత్నంలో కుదిరిన సూత్రమని చెప్పేదే. నీటిని తరిమే పనిలోనూ, తుప్పు పట్టి బిగుసుకున్న మరను వదిలించే పనిలోనూ ఈ రకం స్ప్రేలకు సాటి వచ్చేది నాకు కనబడలేదు. తలుపంత బరువును ఏళ్ళ తరబడి మోయాల్సిన చోట మాత్రం అంత పల్చని పొర నిలబడదు.

నేను పాటించే పద్ధతి వేరు. తలుపు కింద చెక్క ముక్క దోపి బరువు దానిమీద ఆనించాక, ఒక్కో బందు చీలను కింది నుంచి మేకుతో తట్టి పైకి లాగుతాను. లాగిన చీల మీద నల్లని జిగురు ముద్ద ఉంటుంది. పాత నూనెలో అరిగిన లోహపు రజను, దుమ్ము, తుప్పు కలిసి తయారైన ముద్ద అది; వేళ్ళ మధ్య నలిపితే సన్నని ఇసుకలా తగులుతుంది. దాన్ని అలాగే ఉంచి పైన కొత్త నూనె పోయడమంటే గరుకు కాగితాన్ని తడిపి రుద్దడమే. చీలను గుడ్డతో తుడిచి, తుప్పు మచ్చలుంటే సన్నని గరుకు కాగితంతో రుద్ది, బందు రంధ్రాలను కూడా గుడ్డ చుట్టిన పుల్లతో శుభ్రం చేసి, చీల పొడవునా పలుచగా లిథియం గ్రీజు రాసి తిరిగి దింపుతాను. గ్రీజు అంటే చిక్కని నూనె కాదు. సబ్బు వంటి పదార్థపు నారల మధ్య నూనెను పట్టి ఉంచిన ముద్ద. ఒత్తిడి పడ్డ చోట నూనె కొద్దికొద్దిగా ఊరుతుంది, లేనప్పుడు ముద్ద కారిపోకుండా ఉన్నచోటే ఉంటుంది. ఇలా గ్రీజు రాసిన బందులు ఏళ్ళ పాటు నోరెత్తలేదు. మొత్తం కందెనలలో నాకు అత్యధిక తృప్తినిచ్చింది ఈ లిథియం గ్రీజే.

కుట్టుమిషనుకు ఇదే గ్రీజు వాడకూడదు, పళ్ళచక్రాలకు రాయమని తయారీదారే చెబితే తప్ప. అక్కడ ఇరుసులు వేగంగా తిరుగుతాయి, సందులు చాలా ఇరుకుగా ఉంటాయి, కాబట్టి రంగులేని పల్చని మిషన్ నూనే సరైనది. వేగంగా తిరిగే ఇరుసు చేసే పని విచిత్రమైనది: అది నూనెను తనంతట తానే సందులోకి ఈడ్చుకుని, ఆ నూనె పొర మీద తేలుతూ తిరుగుతుంది. 1880ల మొదట్లో ఇంగ్లండులో బీచమ్ టవర్ అనే ఇంజనీరు రైలు బేరింగుల మీద ప్రయోగాలు చేస్తూ ఒక బేరింగుకు పైన రంధ్రం చేస్తే, అందులోంచి నూనె పైకి ఉబికింది. బిరడా బిగిస్తే దాన్నీ తోసేసింది. ఇరుసు తిరగడం వల్లే నూనెలో అంత ఒత్తిడి పుడుతోందని గ్రహించి, ఆస్బోర్న్ రేనాల్డ్స్ 1886లో దానికి గణిత సిద్ధాంతం కట్టాడు. నేటి బేరింగుల లెక్కలు ఆ పునాది మీదే నడుస్తున్నాయి. మిషనులో ప్రతి నూనె రంధ్రంలో ఒక్క చుక్క వేసి, దారం తీసేసి, పాత గుడ్డ మీద కాసేపు నడిపితే అదనపు నూనె బయటికి వచ్చేస్తుంది. కుట్టే గుడ్డకు మరకలంటవు. వంటనూనెలు మాత్రం ఇక్కడ అసలు పనికిరావు. అవి గాలిలోని ఆక్సిజనుతో కలిసి కొంతకాలానికి బంకలా గట్టిపడి, ఇరుసును పట్టేస్తాయి.

సైకిలు గొలుసు విషయంలో నూనె ఎక్కడ పడాలన్నదే అసలు ప్రశ్న. గొలుసు పైకి మెరుస్తూ తడిగా కనిపిస్తే చాలనుకుంటారు. అరిగేది మాత్రం లోపల, పలకలను కలిపే పిన్నులు తిరిగే చోట. పైన మిగిలిన తడికి రోడ్డు మీది సన్నని ఇసుక అంటుకుని, మెల్లగా లోపలికి దిగి పిన్నులను తినేస్తుంది. అందుకే నేను గొలుసును ముందు పొడిగా తుడుస్తాను, ఒక్కో రోలరు మీద ఒక్క చుక్క చొప్పున వేసి, పెడలు వెనక్కి తిప్పుతూ నూనెను లోపలికి ఇంకనిచ్చి, ఆ తరువాత పైన ఉన్నదంతా గట్టిగా తుడిచేస్తాను. గొలుసు సాగిందని మనం అనేది నిజానికి ఉక్కు సాగడం కాదు. ప్రతి పిన్నూ కొద్దికొద్దిగా అరగడంతో మొత్తం పొడవు పెరగడం. కొత్త గొలుసులో పిన్నుకూ పిన్నుకూ మధ్య దూరం 12.7 మిల్లీమీటర్లు, కనుక 24 దూరాలు కొలిస్తే 304.8 మిల్లీమీటర్లు రావాలి. అది 306.4 దాటితే గొలుసు మార్చేస్తాను, లేకపోతే అది పళ్ళచక్రాలను కూడా అరగదీస్తుంది. 1999లో జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో జరిగిన పరీక్షలలో సైకిలు గొలుసు సామర్థ్యం 98.6 శాతం దాకా తేలింది. ప్రయోగశాలలోని శుభ్రమైన వాతావరణంలో కందెన ఉన్నా లేకున్నా ఆ సామర్థ్యంలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు కూడా. నా అనుభవానికి ఇది సరిగ్గా సరిపోతుంది: నూనె వేసిన రోజున తొక్కడం పెద్దగా తేలికపడదు, కానీ గొలుసు ఆయుష్షు మాత్రం ఖచ్చితంగా పెరుగుతుంది.

తాళాల దగ్గర నూనెను పూర్తిగా పక్కనపెట్టాను. తాళం లోపల సన్నని ఇత్తడి పిన్నులూ వాటిని నొక్కి ఉంచే చిన్న స్ప్రింగులూ ఉంటాయి. నూనె పడితే దుమ్మూ ఇత్తడి రజనూ అందులో కలిసి, పిన్నులు పైకి కిందికి ఆడవు. గ్రాఫైట్ పొడి పొడిగానే పనిచేస్తుంది. అందులోని కార్బన్ పరమాణువులు పొరలు పొరలుగా అమరి ఉంటాయి; ఒక్కో పొర లోపల బంధాలు చాలా గట్టివి, పొరకూ పొరకూ మధ్య పట్టు చాలా తక్కువ, కనుక పొరలు ఒకదాని మీద ఒకటి జారిపోతాయి. ఆ జారుడుకు గాలిలోని తేమ కూడా తోడ్పడుతుందన్నది అంతగా తెలియని సంగతి. రెండో ప్రపంచ యుద్ధకాలంలో పొడిగాలి ఉండే ఎత్తులకు ఎగిరిన విమానాలలో, మోటార్లలో తిరిగే భాగానికి ఆనుకుని విద్యుత్తు అందించే కార్బన్ బ్రష్షులు అతి త్వరగా అరిగిపోవడంతో ఈ విషయం బయటపడింది. తాళపు రంధ్రంలోకి కొద్దిగా పొడి ఊది, తాళంచెవిని కొన్నిసార్లు పెట్టి తీస్తే సరిపోతుంది. చేతులు నల్లబడతాయి, లేతరంగు బట్టలకు మరకలవుతాయి. అంతకు మించి నాకు కనిపించిన లోపం లేదు. నూనె పట్టిన పాత తాళాన్ని మాత్రం ముందు ద్రావకంతో కడిగి, పూర్తిగా ఆరాకే గ్రాఫైట్ వేయాలి, నూనె, గ్రాఫైట్ కలిస్తే నల్లని ముద్దవుతుంది.

సిలికాన్ గ్రీజుది చిన్న పాత్రే గానీ, ఆ పాత్రను మరొకటి పోషించలేదు. పెట్రోలియం నూనెలు తగిలితే చాలా రకాల రబ్బర్లు ఉబ్బి మెత్తబడతాయి. కుళాయి వాషర్లు, కిటికీ అంచుల రబ్బర్లు, ప్లాస్టిక్ జారుడు పట్టాలు, వీటికి సిలికానే రాస్తాను. బరువు మోసే లోహపు భాగాల మధ్య అది తేలిపోతుంది, అక్కడ దానికి బలం చాలదు.

ఈ కందెనలు ఎక్కడ వేయకూడదో తెలుసుకోవడం ఎక్కడ వేయాలో తెలుసుకోవడం కన్నా ముఖ్యమని నేను గట్టిగా నమ్ముతాను, ఎందుకంటే మొదటి దానిలో ప్రాణాల ప్రశ్న ఉంది. మనం నడవగలిగేది, బండి ఆగేది, ముడి నిలిచేది, మేకు గోడలో ఉండేది ఘర్షణ ఉండబట్టే. పొడి రోడ్డు మీద రబ్బరు టైరు ఘర్షణ గుణకం 0.7 నుంచి 0.8 దాకా ఉంటుంది. అది సగానికి పడితే బండి ఆగడానికి పట్టే దూరం రెట్టింపవుతుంది. సైకిలు గొలుసుకు స్ప్రే కొడితే తుంపర వెనుక చక్రపు అంచు మీదో, డిస్కు బ్రేకు మీదో పడుతుంది. డిస్కును ఆల్కహాలుతో తుడవవచ్చు, కానీ బ్రేకు ప్యాడ్లు నూనెను పీల్చుకుంటే చాలావరకు మార్చడం తప్ప దారి లేదు. అందుకే గొలుసుకు చుక్క నూనె మాత్రమే వాడతాను, స్ప్రే దగ్గరకు రానివ్వను.

బోల్టుల సంగతి ఇంకా తక్కువ మందికి తెలుసు. పొడి బోల్టును బిగించేటప్పుడు మనం పెట్టే బలంలో సుమారు సగం దాని తల కింది ఘర్షణకు, 40 శాతం మరల మధ్య ఘర్షణకు పోతుంది. నిజంగా రెండు ముక్కలనూ పట్టి ఉంచే బిగువుగా మారేది దాదాపు పదో వంతు. మరలకు నూనె రాసి అదే బలంతో తిప్పితే ఘర్షణ తగ్గిన మేరకు బిగువు పెరిగి, బోల్టు సాగడమో తెగడమో జరుగుతుంది. కారు చక్రాల నట్లకు తయారీదారు చెప్పే బిగింపు లెక్క సాధారణంగా పొడి మరలను దృష్టిలో పెట్టుకుని ఇచ్చేదే. తుప్పు పట్టకుండా అంటూ వాటికి గ్రీజు పూసేవారిని చూస్తే నాకు నిజంగా ఆందోళన కలుగుతుంది.

మళ్ళీ కొనాల్సి వస్తే ఐదింటినీ ఇప్పుడున్న రూపంలోనే కొంటాను. సిలికాన్ మాత్రం స్ప్రే రూపంలో కొనను, చిన్న డబ్బాలో వచ్చే గ్రీజే తీసుకుంటాను. స్ప్రే తుంపర గచ్చు మీద పడితే కంటికి కనిపించదు, సబ్బునీళ్ళతో ఒకసారి కడిగినంత మాత్రాన వదలదు, ఆ చోట కాలు మోపిన వాళ్ళు జారిపడతారు; అది అంటిన గోడకూ చెక్కకూ తరువాత వేసే రంగు కూడా సరిగా పట్టదు.