మెయిల్ స్క్రిప్టును లాప్‌టాప్‌లో పరీక్షించడానికి ఏది మేలు: మెయిల్‌పిట్, ఏఐఓఎస్‌ఎంటీపీడీ, పోస్ట్‌ఫిక్స్?

సపోర్ట్ అడ్రసుకు ఒక మెయిల్ వస్తుంది. పోస్ట్‌ఫిక్స్ అనే మెయిల్ సర్వరు దాన్ని అందుకుని మన పైథాన్ స్క్రిప్టుకు ఇస్తుంది. స్క్రిప్టు అందులోంచి టికెట్ నంబరు, అటాచ్‌మెంట్లు తీసి డేటాబేసులో పెడుతుంది. చాలా ఆఫీసుల్లో నడిచే ఏర్పాటే ఇది. దీన్ని నిజమైన సర్వరు ఎక్కించకముందే మన లాప్‌టాప్‌లో పరీక్షించాలంటే ఏ దారి పట్టాలి?

ఎవరినడిగినా ముందు చెప్పేది మెయిల్‌పిట్, అంటే పరీక్ష మెయిళ్లను పట్టి చూపించే చిన్న ప్రోగ్రాము. 1025 పోర్టులో మెయిల్ తీసుకుంటుంది, 8025లో బ్రౌజరులో చూపిస్తుంది, బయటికి ఒక్కటి కూడా పోనివ్వదు. ఇలాంటిదే అయిన పాత ప్రోగ్రాము మెయిల్‌హాగ్‌కు 2020 తర్వాత కొత్త వెర్షన్ రాలేదు కాబట్టి, కొత్తగా మొదలుపెట్టేవాళ్లు మెయిల్‌పిట్ తీసుకోవడమే మంచిది. ఓటీపీ, బిల్లు లాంటివి పంపే యాప్‌కు ఇది చక్కగా సరిపోతుంది. కానీ మనది మెయిల్ అందుకునే పని. పోస్ట్‌ఫిక్స్ మన స్క్రిప్టును పిలిచినట్టు మెయిల్‌పిట్ పిలవదు. దీన్ని పక్కన ఉంచుదాం, చివర్లో వేరే పనికి కావాలి.

రెండో దారిలో సర్వరే అక్కర్లేదు. నిజమైన మెయిళ్లను ఈఎంఎల్ ఫైళ్లుగా (ఒక్కో మెయిల్ ఉన్నదున్నట్టు ఉండే ఫైళ్లు) దాచుకుని, పేర్లూ అడ్రసులూ మార్చేసి, నేరుగా మన ఫంక్షనుకు ఇవ్వడమే. క్షణాల్లో అయిపోతుంది. తెలుగులో మెయిళ్లు వచ్చే చోట ఇది తప్పకుండా చేయాలి. సబ్జెక్టులో ఇంగ్లిష్ కాని అక్షరాలుంటే చాలా మెయిల్ ప్రోగ్రాములు వాటిని సంకేతాలుగా మార్చి పంపుతాయి, అందులో ఒక్కో ముక్క 75 క్యారెక్టర్లు దాటకూడదు. యూటీఎఫ్-8లో తెలుగుకు ఒక్కో కోడ్‌పాయింటుకు, అంటే యూనికోడ్‌లో నంబరున్న ఒక్కో గుర్తుకు, 3 బైట్లు పడతాయి. ఒత్తులు, గుణింతాలు కూడా విడిగానే లెక్క. బైట్లను మామూలు ఇంగ్లిష్ అక్షరాలుగా మార్చే బేస్64 పద్ధతిలో ఒక ముక్కలో 15 కోడ్‌పాయింట్లు పట్టడమే ఎక్కువ. ‘విద్యుత్ బిల్లు రాలేదు’ అన్న మూడు మాటలకే రెండు ముక్కలు కావాలి. ఆ ముక్కల మధ్య ఉన్న ఖాళీని వదిలేసి కలపాలి. ఈ పని సొంతంగా రాసుకున్న కోడ్ చాలాసార్లు మాట మధ్యలో ఖాళీ పెడుతుంది. పైథాన్‌లో ఈమెయిల్ లైబ్రరీకి డిఫాల్ట్ పాలసీ ఇచ్చి చదివిస్తే అదే సరిగా కలుపుతుంది. ఆ పాలసీ పేరు చెప్పకుండా పిలిస్తే పాత పద్ధతిలో సంకేతాలు సంకేతాలుగానే చేతికొస్తాయి.

ఈ ఫైళ్లలో ఒక లోటు ఉంది. ఉత్తరం లోపల రాసిన పేరు వేరు, కవరు మీద అడ్రసు వేరు. బీసీసీలో వచ్చిన మెయిల్‌లో, ఫార్వర్డ్ అయిన మెయిల్‌లో ‘టు’ దగ్గర మన అడ్రసే ఉండకపోవచ్చు. కవరు సమాచారం ఎస్‌ఎంటీపీ సంభాషణలోనే, అంటే మెయిల్ అందించేటప్పుడు సర్వర్లు మాట్లాడుకునే మాటల్లోనే దొరుకుతుంది.

అందుకోసం కొందరు ఏఐఓఎస్‌ఎంటీపీడీ వాడతారు, పైథాన్‌లోనే చిన్న మెయిల్ సర్వరు రాసుకోవడానికి పనికొచ్చే లైబ్రరీ ఇది. పైథాన్‌తో వచ్చే పాత ఎస్‌ఎంటీపీడీ మాడ్యూలును 3.12లో తీసేశారు కాబట్టి దాని బదులు ఇదే దిక్కు. పంపినవారి అడ్రసు, అందుకునేవారి అడ్రసులు, అసలు మెయిల్ వేర్వేరుగా ఇస్తుంది. 451 అని ‘తర్వాత మళ్లీ పంపు’ అనాలా, 550 అని పూర్తిగా కొట్టేయాలా అన్నది మన చేతిలోనే ఉంటుంది. నిజమైన సర్వరులో కూడా ఇదే నడపబోతుంటే ఇంకేమీ వెతకక్కర్లేదు. అక్కడ పోస్ట్‌ఫిక్స్ ఉంటే మాత్రం ఇక్కడ పాసైన పరీక్ష అక్కడ పెద్దగా పనికిరాదు.

ఎందుకంటే పోస్ట్‌ఫిక్స్‌లో స్క్రిప్టును పిలిచే భాగమైన పైపు, మెయిల్‌ను స్టాండర్డ్ ఇన్‌పుట్‌గా ఇస్తుంది, తిరిగి తీసుకునేది ఎగ్జిట్ కోడ్, అంటే స్క్రిప్టు ముగిసేటప్పుడు వదిలే నంబరు. 75 వస్తే మెయిల్‌ను క్యూలో ఉంచి మళ్లీ ప్రయత్నిస్తుంది, మామూలుగా 5 రోజుల వరకు. డేటాబేసు రెండు నిమిషాలు ఆగి, మన కోడ్ దాన్ని పట్టుకోకపోతే పైథాన్ 1తో బయటికొస్తుంది. వెంటనే మెయిల్ బౌన్స్ అవుతుంది, అంటే ‘అందలేదు’ అంటూ పంపినవారికి తిరిగి వెళ్తుంది. స్క్రిప్టు వదిలిన ఎర్రర్ సందేశంలో కొంత భాగం ఆ బౌన్సులో కస్టమరుకే చేరుతుంది! సాయం అడిగిన మనిషికి మన ఫైళ్ల పేర్లతో నిండిన ట్రేస్‌బ్యాక్ (పైథాన్ ఎర్రర్ వివరాలు) వెళ్లడం కంటే చెడ్డ జవాబు ఉండదు. ఇంకా, లాప్‌టాప్‌లో మనం పెట్టుకున్న వర్చువల్ ఎన్విరాన్‌మెంటు, పాత్ పోస్ట్‌ఫిక్స్ పిలిచేటప్పుడు ఉండవు. స్క్రిప్టు వేరే యూజరు పేరుతో నడుస్తుంది. మన స్క్రిప్టును పిలిచే ఆ పైపు ట్రాన్స్‌పోర్టుకు రెసిపియెంట్ లిమిట్ 1 అని పెట్టకపోతే, ఒకే పిలుపులో చాలా అడ్రసులు రావచ్చు. ఇవన్నీ పోస్ట్‌ఫిక్స్‌తోనే బయటపడతాయి.

కాబట్టి నా ఓటు డాకర్‌లో పోస్ట్‌ఫిక్స్‌కే. రోజూ కోడ్ మార్చేటప్పుడు ఈఎంఎల్ ఫైళ్లు, సర్వరు ఎక్కించే ముందు ఇది. పోస్ట్‌ఫిక్స్ 3.4 వెర్షన్ నుంచి లాగును నేరుగా తెర మీదికి పంపే సదుపాయం ఉంది, డాకర్ కంటైనరులో సిస్‌లాగ్ (లాగులు రాసే సిస్టమ్ ప్రోగ్రాము) కోసం తిప్పలు పడక్కర్లేదు. ఇక్కడే మెయిల్‌పిట్ పనికొస్తుంది. పోస్ట్‌ఫిక్స్ రిలేహోస్టుగా, అంటే బయటికి పోయే మెయిళ్లను అప్పగించే సర్వరుగా, దాన్ని పెడితే, ఆటో రిప్లైలూ బౌన్సులూ అందులోనే పడతాయి, కస్టమరు ఏం చూస్తాడో మనకు ముందే కనిపిస్తుంది. పరీక్ష అడ్రసులకు డాట్ టెస్ట్ డొమైన్ వాడండి, అది ఇందుకే కేటాయించినది. మెయిల్ పంపడానికి స్వాక్స్ అనే కమాండ్ లైన్ సాధనం చాలు.

సొంత డొమైన్ ఎంఎక్స్‌ను (మెయిల్ ఏ సర్వరుకు వెళ్లాలో చెప్పే డీఎన్‌ఎస్ రికార్డు) ఇంటి లాప్‌టాప్ వైపు తిప్పాలనే ఆలోచన మాత్రం వద్దు. ఎంఎక్స్ రికార్డులో పోర్టు నంబరు రాసే చోటు లేదు, 25నే తెరవాలి. చాలా ఇంటి కనెక్షన్లలో అది కుదరదు.

పోస్ట్‌ఫిక్స్ సిద్ధమయ్యాక ముందుగా చేయాల్సిన పరీక్ష: డేటాబేసు ఆపి మెయిల్ పంపండి. అది క్యూలో ఉండాలి, మెయిల్‌పిట్‌లో బౌన్స్ కనిపించకూడదు. డేటాబేసు లేపి క్యూను కదిలిస్తే టికెట్ ఒక్కటే పుట్టాలి. తర్వాత డేటాబేసులో రాసిన వెంటనే స్క్రిప్టు 75తో ఆగిపోయేలా చేసి మళ్లీ చూడండి. రెండు టికెట్లు పుడితే, ప్రతి మెయిల్‌కూ విడిగా ఉండే మెసేజ్ ఐడీని పోల్చి చూసే కోడ్ ఇంకా రాయాల్సి ఉంది.